పురిటిగది తలుపు

ఫాతిమానగర్, కాజీపేట
డిసెంబర్ 14

బుజ్జీ,

ఫోన్ చేస్తే "డ్యూటీలో ఉన్నా అమ్మమ్మా, మళ్లీ చేస్తా" అంటావు. మళ్లీ చేయవు. అందుకే కాగితం తీశాను. చేతిరాత వంకర పోతోంది, ఓపిగ్గా చదువు.

నిన్న మీ మామయ్య అటక మీంచి క్రిస్మస్ పశువుల పాక దించాడు. నువ్వు చిన్నప్పుడు చెవి విరగ్గొట్టిన గాడిద అలాగే ఉంది. ముగ్గురు రాజుల్లో ఒకడి కిరీటం ఎలుకలు కొరికాయి. తాతయ్య ఉన్నన్నాళ్లూ ఆ పాకలో పరిచే గడ్డి కోసం సైకిలేసుకుని సోమిడి దాకా పోయి వచ్చేవాడు, గుర్తుందా? ఆయనది కతోలిక కుటుంబం. 1952లో వరంగల్ మేత్రాసనం ఏర్పడేనాటికి ఐదేళ్లవాడు. మాది హనుమకొండ బాప్టిస్టు సంఘం. అమెరికా మిషన్ వాళ్లు 1879లో అక్కడ స్టేషన్ పెట్టిన దగ్గర్నుంచీ మావాళ్లకు బైబిలే తప్ప బొమ్మల సంగతి తెలియదు. పెళ్లయిన కొత్తలో ఆ పాకను చూసి నేను పెద్ద గొడవే పెట్టుకున్నాను. గాడిద ఏ సువార్తలో ఉంది? ఎద్దు ఎక్కడుంది? జ్ఞానులు ముగ్గురని మత్తయి రాశాడా? బంగారం, సాంబ్రాణి, బోళం, కానుకలు మూడు గనుక మనుషుల్నీ ముగ్గుర్ని చేశారు. పైగా వాళ్లు వచ్చింది ఇంట్లోకి, పాకలోకి కాదు. తాతయ్య అంతా విని, "గాడిదను తీసేస్తే పక్కింటి పిల్లలు ఏడుస్తారు" అని ఊరుకున్నాడు. గాడిద ఉండిపోయింది.

ఇప్పుడు గాడిద గురించి రాయడానికి కూర్చోలేదులే. సోమవారం రాత్రి నుంచి నాకు సరిగా నిద్ర లేదు. ఎందుకో చివర్లో చెప్తాను. నీకు తెలిసే ఉంటుంది.

నేను ముప్పై నాలుగేళ్లు లేబర్ వార్డులో పనిచేశాను. లూకా వైద్యుడని పౌలు కొలొస్సయులకు రాసిన ఉత్తరంలో ఉంది. ఆ సంగతి తెలిశాక ఆయన సువార్త రెండో అధ్యాయం మళ్లీ తీశాను, వైద్యుడు కదా, మన పనికి సంబంధించి ఏమన్నా రాసి ఉంటాడేమోనని. నొప్పులు ఎప్పుడొచ్చాయి, ఎంతసేపు పట్టింది, పక్కన ఎవరున్నారు, మాయ పడిందా? ఒక్క ముక్క లేదు. కన్నది, పొత్తిగుడ్డల్లో చుట్టింది, పశువుల తొట్టిలో పడుకోబెట్టింది. అంతే. చుట్టింది కూడా ఆమే. మంత్రసాని వచ్చినట్టు లేదు. కైసరు ఔగుస్తు పేరు రాశాడు, సిరియాను ఏలే కురేనియ పేరు రాశాడు, జనసంఖ్య రాశాడు, సత్రంలో చోటు లేదనీ రాశాడు. పురిటిగది దగ్గరికి వచ్చేసరికి తలుపు దగ్గరగా వేసేశాడు. ఇంతమంది చదివిన కాన్పు ఇంకొకటి ఉండదు, ఆ గదిలోకి మాత్రం ఎవర్నీ రానివ్వలేదు. మత్తయి ఆ మాత్రం కూడా చెప్పలేదు. మార్కు, యోహాను అసలు పుట్టుక జోలికే పోలేదు.

ఆ తలుపు తోసినవాళ్లు లేకపోలేదు. రెండో శతాబ్దంలో ఎవరో యాకోబు పేరు పెట్టి ఒక పుస్తకం రాశారు. దాన్ని బైబిల్లో చేర్చలేదు. అందులో కాన్పు గుహలో అవుతుంది. యోసేపు వెతికి మంత్రసానిని పిలుచుకొస్తాడు. ఆమె చూస్తుంది, ఆశ్చర్యపోతుంది, గుహలోంచి బయటికొస్తూనే ఎదురుపడ్డ సలోమేకి అంతా చెప్పేస్తుంది. సలోమే నమ్మదు. చేత్తో పరీక్ష చేస్తే గానీ ఒప్పుకోనంటుంది. చేస్తుంది. ఆ చెయ్యి నిప్పుల్లో పెట్టినట్టు కాలిపోతుంది. తర్వాత ఆ బిడ్డనే ఎత్తుకుంటే నయమవుతుంది. ఈ కథ ఫాతిమా గుడిలో ఒక ఫాదర్ చెప్తుంటే నాకు అరచేతులు చెమటలు పట్టాయి. చెయ్యి కాలింది సలోమేకి. బయటికొచ్చి చెప్పిన మంత్రసాని సంగతి ఏమైందో ఆ పుస్తకంలో లేదు.

అది నేను చెప్తాను.

1971లో నా ట్రైనింగ్ అయిపోయింది. తెల్లచీర, గంజిపెట్టిన టోపీ, చేతిలో దీపం. అందరం వరసగా నిలబడి ప్రమాణం చేశాం. నైటింగేల్ ప్రమాణం అంటారు గానీ అది ఆమె రాసింది కాదు, 1893లో అమెరికాలో డెట్రాయిట్ నర్సింగ్ స్కూలు వాళ్లు ఆమె పేరు మీద రాసుకున్నారు. పని చేస్తుండగా తెలిసిన రోగి సంగతీ, ఆ ఇంటి సంగతీ బయటికి పోనివ్వనని అందులో ఉంటుంది. నువ్వూ చదివావు, వీడియో మాకు పంపావు, నేను పదిమందికి చూపించి మురిసిపోయాను. నా ప్రమాణం రోజున మాత్రం నా ధ్యాసంతా టోపీ జారిపోతుందేమోనన్న దాని మీదే ఉంది. అప్పట్లో మాకు వార్డు సిస్టర్ అంటే పులి. బెడ్ షీటు మూల సరిగా మడవకపోతే మొత్తం ఊడదీసి మళ్లీ వేయించేది. రాత్రిళ్లు హరికేన్ లాంతరు పట్టుకుని రౌండ్లు తిరిగేవాళ్లం, కరెంటుకు భరోసా లేదు. సినిమాకు పోవాలంటే నెలకొకసారి, అదీ సంతకం పెట్టి. ఎక్కడికో పోతున్నాను.

1974 డిసెంబర్. ఏ ఊళ్లో, ఏ ఆసుపత్రిలో అన్నది నీకు అక్కర్లేదు. మా చిన్నమ్మ కూతురు ఓపీకి వచ్చింది. కొంగు నెత్తిమీదికి లాక్కుని, నా వంక చూడకుండా. మూడో నెల. అప్పటికే ప్రధానం అయిపోయింది, ఫిబ్రవరిలో పెళ్లి. మరియకు యోసేపుతో అయిందని మన బైబిల్లో రాసింది కూడా ఆ మాటే, ప్రధానం. కడుపులో బిడ్డ ఆ పెళ్లికొడుకు బిడ్డే. పెళ్లి ఒక నెల ముందుకు జరుపుకుంటే సరిపోయే వ్యవహారం. వాళ్లిద్దరూ అదే అనుకున్నారు కూడా. "అక్కా, పండగ కాగానే మేమే పెద్దవాళ్లకు చెప్తాం" అంది. సరేనన్నాను.

పండగకు ముందు రాత్రి మా అమ్మ అరిసెలు చేస్తోంది. పాకం ముదురుతుందేమోనని ఆమె చూపంతా కడాయి మీదే. నేను పిండి అందిస్తున్నాను. ఎందుకు చెప్పానంటే జవాబు లేదు. గొప్ప కోసమో, భారం దించుకోవడానికో, అమ్మే కదా అనో. "నీ ఒక్కదానికే చెప్తున్నా" అన్నాను. మా అమ్మ చెడ్డది కాదు. ఆమె పాస్టరమ్మగారికి చెప్పింది, ప్రార్థన చేయమని. పాస్టరమ్మగారూ మంచిదే. ఆవిడ స్త్రీల సమాజంలో ఇంకో ఇద్దరికి చెప్పింది, కలిసి ప్రార్థన చేద్దామని. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. మా మాట పృథివి దాటడానికి అయిదు రోజులు పట్టింది, అదీ మోకాళ్ల మీద నడుచుకుంటూ.

పెళ్లికొడుకు నోరు తెరవకముందే వాళ్లమ్మకు తెలిసింది. "మావాడు అట్లాంటోడు కాదు" అంది. వాడు తల దించుకున్నాడు. యోసేపు కూడా మాట్లాడలేదనుకో. రెండు సువార్తలూ వెతుకు, యోసేపు నోట ఒక్క మాట దొరకదు. ఆమెను నలుగురిలో అవమానపరచడం ఇష్టం లేక, గుట్టుగా విడిచిపెడదామనుకున్నాడు. కలగన్నాడు. నిద్ర లేచి ఆమెను ఇంటికి తెచ్చుకున్నాడు. మా పెళ్లికొడుకు నిద్ర లేచి డ్యూటీకి పోయాడు.

పెళ్లి ఆగిపోయింది. ఆ పిల్లను బెల్లంపల్లిలో వాళ్ల మేనత్త దగ్గరికి పంపేశారు. ఏడో నెలలో కాన్పయింది, బిడ్డ దక్కలేదు. నన్ను రానివ్వలేదు. ఎంతమందికి పురుళ్లు పోశాను, ఆ ఒక్క పురుటికి నేను లేను. తర్వాత ఆమె టీచర్ ట్రైనింగ్ చేసింది, పెళ్లి చేసుకోలేదు. మీరందరూ బెల్లంపల్లి అమ్మమ్మ అని పిలిచే మనిషే. మీకు డబ్బాల నిండా లడ్డూలు పంపేది కదా, ఆమె.

నన్ను ఎప్పుడూ పల్లెత్తు మాట అనలేదు. మూడేళ్లకు మాట్లాడింది కూడా. ఆరోగ్యం, వానలు, సింగరేణి క్వార్టర్లు. కానీ నేను వంటింట్లోకి అడుగు పెడితే అప్పటిదాకా నడుస్తున్న మాట ఆగిపోయేది. ఆమె ఒక్కతే కాదు, చెల్లెళ్లు, మరదళ్లు, అందరూ అంతే. వార్డులో ముక్కూమొహం తెలియని ఆడవాళ్లు తాళి కట్టినవాడికి కూడా చెప్పని సంగతులు నాకు చెప్పేవాళ్లు. ఇంట్లో మాత్రం ఎవరికి నెల తప్పిందో, ఎవరికి నిలవలేదో అన్నీ నాకు ఆఖర్న తెలిసేవి. నువ్వు కడుపులో పడ్డ సంగతి మీ అమ్మ నాకు ఐదో నెలలో చెప్పింది. మీ నానమ్మకు రెండో నెలలోనే తెలుసు. కన్నతల్లి లేబర్ వార్డు సిస్టరయి ఉండి, నా బిడ్డ తన సందేహాలు పక్కింటావిడను అడిగింది. ఎలీసబెతు కూడా ఐదు నెలలు ఎవరి కంటా పడకుండా ఉందని లూకా రాశాడు. ఆ చోట చదివినప్పుడల్లా పుస్తకం మూసేస్తాను.

ఎలీసబెతు మొగుణ్ని చూడు. జెకర్యా యాజకుడు, గుడిలో ధూపం వేసే మనిషి, నలుగురికి చెప్పే నోరు. దేవదూత మాట నమ్మలేదని బిడ్డ పుట్టేదాకా ఆ నోరు కట్టేశారు. బిడ్డకు యోహాను అని పలక మీద రాసి చూపించాక గానీ నాలుక విడలేదు. అది శిక్ష అని సండే స్కూల్లో పాతికేళ్లు చెప్పాను. ఇప్పుడు చెప్పమంటే అట్లా చెప్పను. అలాంటి తొమ్మిది నెలలు ఇరవై నాలుగేళ్ల వయసులో నాకెవరన్నా ఇచ్చి ఉంటే కాళ్లు కడిగి నెత్తిన చల్లుకునేదాన్ని. ఎలీసబెతు మాత్రం ఎంత మనిషి! పెళ్లికాని చుట్టాల పిల్ల కొండదారిన నడిచొచ్చి గుమ్మంలో నిలబడితే ఎవరు, ఎప్పుడు, యోసేపుకి తెలుసా అని అడగలేదు. దీవించింది. దాదాపు మూడు నెలలు ఇంట్లో పెట్టుకుంది.

అందరూ మెచ్చుకునే జ్ఞానుల మీద నాకు కోపం. నక్షత్రాన్ని చదవడం వచ్చింది, ఊరిని చదవడం రాలేదు. హేరోదు ఉండే యెరూషలేముకే వచ్చి, యూదుల రాజు ఎక్కడ పుట్టాడని అడిగారు. చెడు తలంపేమీ లేదు, పూజించడానికే వచ్చారు. హేరోదు వాళ్లను గుట్టుగా పిలిపించి నక్షత్రం ఏనాడు కనిపించిందో ఖచ్చితంగా అడిగి తెలుసుకున్నాడు. ఆ లెక్క ప్రకారమే బేత్లెహేములో రెండేళ్లలోపు మగపిల్లల్ని చంపించాడని మత్తయి రాశాడు. తర్వాత కలలో హెచ్చరిక వచ్చి జ్ఞానులు వేరే దారిన ఇల్లు చేరారు, నిజమే. చెప్పాల్సింది అప్పటికే చెప్పేశారు. మరియా యోసేపూ చంటిబిడ్డతో ఐగుప్తుకు పారిపోవాల్సి వచ్చింది. డిసెంబర్ 28న ఆ పసిపిల్లల పేరిట ఫాతిమా గుడిలో పూజ ఉంటుంది. మా బాప్టిస్టుల్లో అది లేదు. తాతయ్య ఏటా తోడు రమ్మనేవాడు. నేను వెనక బల్ల మీద కూర్చునేదాన్ని. ఆయనకు బెల్లంపల్లి సంగతి తెలుసో తెలియదో, ఎన్నడూ అడగలేదు.

దర్గా వైపు నుంచి వచ్చి మనకు పాలు పోసే ఖాలా ఉండేది, నీకు లీలగా గుర్తుండొచ్చు. ఖురానులో మరియం పేరిట ఒక సూరాయే ఉంది, 19వది. ఆ కథ ఆమే నాకు చెప్పేది. అందులో సత్రం లేదు, తొట్టి లేదు, యోసేపు లేడు. ఒంటరి పిల్ల ఖర్జూరచెట్టు మొదలు పట్టుకుని నొప్పులు పడుతుంది, ఇంతకన్నా ముందే చచ్చిపోయినా బాగుండేదంటుంది. కాళ్ల కింద ఊట పుడుతుంది, చెట్టు కదిపితే పండ్లు రాలతాయి. ఎవరన్నా ఎదురొస్తే, ఈ రోజు ఎవరితోనూ మాట్లాడనని ఉపవాసం పట్టినట్టు తెలపమని ఆమెకు ఆజ్ఞ. బిడ్డతో ఊళ్లోకి వస్తే జనం నిలదీస్తారు. ఆమె నోరు విప్పదు, బిడ్డను చూపిస్తుంది. ఊయలలోని బిడ్డే మాట్లాడతాడు. నొప్పుల దగ్గరికి వచ్చేసరికి ఖాలా పాలచెంబు కింద పెట్టి నా వంక చూసేది. అన్నానికి ఉపవాసం ఉండటం అందరికీ తెలుసు. మాటకు ఉపవాసం ఉంటుందని నేను ఆమె దగ్గరే విన్నాను.

మరియ విన్నవన్నీ మనసులో దాచుకుందని లూకా రెండుసార్లు రాశాడు, గొల్లలు వచ్చి వెళ్లాక ఒకసారి, పన్నెండేళ్ల పిల్లవాడు తప్పిపోయి దేవాలయంలో దొరికాక మరోసారి. మరి మనసులో దాచుకున్న సంగతి లూకాకు ఎట్లా తెలిసింది? గబ్రియేలు వచ్చినప్పుడు ఆ ఇంట్లో ఇంకెవరున్నారు? ఒకసారి సండే స్కూల్లో ఒక పిల్లవాడు ఇదే అడిగితే తెల్లమొహం వేశాను. ఇప్పుడైతే నాకు తోచింది చెప్తాను. ఆమే చెప్పి ఉంటుంది, ఎప్పుడో, పెద్దదయ్యాక, తనకు చెప్పాలనిపించినప్పుడు, చెప్పాలనిపించినవాళ్లకు. ఆ సంగతి ఆమె సొత్తు.

బెల్లంపల్లి కథ నీకు ఇప్పుడు ఎందుకు చెప్తున్నానని అడుగుతావు. అడగాలి కూడా. 2018లో ఆమె మంచం పట్టినప్పుడు నేను పది రోజులు దగ్గరుండి చేశాను, తెలుసుగా. ఒక రాత్రి దుప్పటి సర్దుతుంటే, "అక్కా, నేను పోయాక, పిల్లల్లో ఎవరికన్నా అవసరమైతే చెప్పు" అంది. ఇంకేమీ అనలేదు. ఆమె పోయింది. ఇన్నేళ్లలో చెప్పడం ఇదే మొదటిసారి. ఎవరికి అవసరమైందో చూశావుగా.

ఈ కాలం సంగతి ఇక చెప్పేదేముంది. నవంబరు నుంచే సెమీ క్రిస్మస్సులు మొదలు. కడుపుతో ఉన్న పిల్లలు పొట్ట మీద చేతులు వేసుకుని భద్రకాళి బండ్ మీద ఫోటోలు తీయించుకుంటున్నారు. మా రోజుల్లో మూడో నెల దాటేదాకా నీళ్లోసుకున్న సంగతి నోట పలికేవాళ్లం కాదు. ఇప్పుడు బొడ్డు ఊడకముందే బిడ్డ ఫోటో అమెరికా చేరుతుంది. వాళ్ల బిడ్డ, వాళ్ల ఇష్టం, కాదనను. మా సంఘం వాట్సాప్ గ్రూపు తెరిస్తే పొద్దున్నే ప్రార్థన అంశాలు. పేరు, వీధి, జబ్బు, స్కానింగ్ కాగితంతో సహా. పాస్టరమ్మగారి కాలంలో ఇంకో ఇంటికి చెప్పాలంటే కనీసం చెప్పులేసుకుని నడవాల్సి వచ్చేది.

సరే, సోమవారం సంగతి. నీ స్టేటస్ చూసేవాళ్లలో నేనూ ఉన్నానని మర్చిపోయావు. మీ వార్డులో ఒక పిల్లను కర్టెన్ సందులోంచి తీసిన పదిహేను సెకన్ల వీడియో. ముఖం లేదు, నిజమే. గోరింటాకు పెట్టిన చెయ్యి ఉంది. మణికట్టు దగ్గర కాలిన మచ్చ ఉంది. కింద ఆ పిల్ల ఎందుకొచ్చిందో నువ్వు రాసిన ముక్క, పక్కన నవ్వే బొమ్మ. ఆ చెయ్యి తెలిసినవాళ్లకు ముఖం అక్కర్లేదు. మర్నాటికి అదే పోయిందిలే అనుకుంటున్నావేమో.

ఈ ఉత్తరం అందిన రోజే చెయ్యి. వీడియో ఫోన్లోంచి తీసెయ్, తీసేసినవి దాచి ఉంచే ఫోల్డర్లోంచి కూడా. ఎవరికన్నా పంపి ఉంటే ఎదురుగా కూర్చుని వాళ్ల చేత తీయించు. మర్నాడు డ్యూటీ ఎక్కకముందే మీ ఇన్‌చార్జి సిస్టర్ దగ్గరికి వెళ్లి నీ నోటితో నువ్వే చెప్పు. ఇంకొకళ్లు చెప్పేదాకా ఆగొద్దు. తిడతారు, మెమో ఇస్తారు, తీసుకో. ఉద్యోగం పోతే ఇక్కడికి రా, నా పెన్షన్ ఇద్దరి అన్నానికి సరిపోతుంది. ఆ పిల్ల దగ్గరికి పరిగెత్తి కాళ్ల మీద పడకు. ఆమెకు తెలియకపోతే నీ ఏడుపు ఆమె నెత్తిన పెట్టినట్టవుతుంది. తెలిసి అడిగితే మాత్రం ముఖం కనపడలేదుగా అని సాకులు చెప్పకు. ఇంకొకటి. గర్భస్రావం చట్టానికి 2021లో సవరణ చేశారు. గర్భస్రావం చేయించుకున్న స్త్రీ పేరూ వివరాలూ చట్టం ఒప్పినవాళ్లకు తప్ప ఇంకెవరికి చెప్పినా డాక్టరుకు ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. డాక్టరుకే అట్లా ఉంటే కర్టెన్ సందులో ఫోన్ పెట్టిన నర్సు సంగతేమిటో నువ్వే ఆలోచించు.

ఇకమీదట డ్యూటీలో ఫోన్ లాకర్లోనే ఉండాలి. నాడి చూడటానికి టైమెట్లా అంటావు. తాతయ్య హెచ్ఎంటీ వాచీ ఇస్తాను. కీ ఇస్తే సెకన్ల ముల్లు ఇప్పటికీ చక్కగా తిరుగుతోంది.

24 సాయంత్రం ఉప్పల్లో బస్సెక్కు. హనుమకొండ దాకా పోవద్దు, కాజీపేటలోనే దిగు, మామయ్య వస్తాడు. అరిసెలు ఈసారి నువ్వే వత్తాలి, నా మోచెయ్యి లేవడం లేదు. గాడిద చెవి అతికించడానికి ఫెవిక్విక్ తీసుకురా.

సోమవారం సంగతి మీ అమ్మకు నేను చెప్పలేదు.

అమ్మమ్మ